జిమ్నోట్: మోటారు బాగానే ఉంది, చిక్కంతా మిగతా చోట్ల

మీ ప్రశ్న ఇది: 1888లో ఫ్రాన్స్ నీళ్లలోకి దించిన 'జిమ్నోట్' అనే సబ్‌మెరైన్ ఒట్టి బ్యాటరీల మీదే నడిచిందంటున్నారు, అప్పటికి చాలా ఇళ్లలో కరెంటు దీపమే లేదు కదా, అది నిజంగా పనిచేసిందా లేక నలుగురికీ చూపించడానికి కట్టిన బొమ్మా? పనిచేసి ఉంటే ఆ పద్ధతి వదిలేసి అందరూ ఇంజన్ల వైపు ఎందుకు పోయారు?

పనిచేసింది. శుభ్రంగా పనిచేసింది. దాని జీవితకాలంలో దాదాపు 2,000 సార్లు మునిగి తేలింది, ఆ రోజుల్లో మునిగిన సబ్‌మెరైన్ మళ్లీ తేలితే అదే పెద్ద వార్త. కానీ మీరు అడిగిన తీరు చూస్తే మోటారు గురించే ఆలోచిస్తున్నట్టున్నారు, ఇంజనీరింగ్ కుర్రాళ్లందరూ అక్కడే మొదలుపెడతారు, నేనూ అలాగే మొదలుపెట్టాను. మోటారుతో పెద్ద పేచీ ఏమీ రాలేదు. పేచీ వచ్చింది రెండు చోట్ల. ఒకటి, ఖాళీ అయిన బ్యాటరీని సముద్రం మధ్యలో నింపుకునే దారి లేకపోవడం. రెండు, నీళ్ల కింద ఒకే లోతులో నిలబడలేకపోవడం. ఆ తర్వాత ఇరవై ఏళ్ల సబ్‌మెరైన్ చరిత్రంతా ఈ రెండింటితో కుస్తీయే అని నా అభిప్రాయం.

నేనెవరో కూడా చెప్తాను, లేకపోతే ఈయనకేం తెలుసు అనుకుంటారు. నేవీలో సబ్‌మెరైన్ల మీద ఎలక్ట్రికల్ పని చేసి రిటైరయ్యాను, ఇప్పుడు విశాఖలోనే ఉంటున్నాను. బ్యాటరీ గదిలో సెల్లుల మీద పొట్టతో పాకుతూ, యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ పట్టుకుని గడిపిన గంటలు లెక్కేస్తే కొన్ని నెలలు తేలతాయి. యాసిడ్ చుక్క పడితే బట్ట మీద అప్పుడు ఏమీ కనబడదు, ఇంటికెళ్లి ఉతికి ఆరేశాక చూస్తే చిల్లులు, మా ఇంటావిడ ఆ యూనిఫాంని 'జల్లెడ' అనేది. కాబట్టి జిమ్నోట్ లోపల పనిచేసిన ఐదుగురు సిబ్బంది ఏం పడ్డారో కొంత ఊహించగలను.

అసలు ఈ ఆలోచన దుపుయ్ ద లోమ్ అనే పెద్దాయనది. ఫ్రెంచి నౌకాదళానికి 'గ్లోర్' అనే ఇనుప తొడుగు యుద్ధనౌకను డిజైన్ చేసింది ఆయనే, 1859లో దాన్ని నీళ్లలోకి దించాక ఇంగ్లండుకు నిద్ర పట్టలేదు. ముసలితనంలో, గ్యాసు నింపిన పెద్ద బుడగతో గాలిలో తేలే ఎయిర్‌షిప్ మీద పడ్డాడు, 1872లో ఒకటి ఎగరేశాడు కూడా, దాని ప్రొపెల్లర్‌ని మనుషులే చేతులతో తిప్పేవాళ్లు. చివర్లో సబ్‌మెరైన్ మీద మనసు పెట్టి, పని మొదలవకుండానే 1885లో పోయాడు. ఆయనకు దగ్గరివాడైన ఇంజనీరు గుస్తావ్ జెదె ఆ కాగితాలు అందుకుని తన డిజైన్ చేశాడు. అప్పటి నౌకాదళ మంత్రి అడ్మిరల్ ఓబ్ 1886లో దానికి ఆర్డరిచ్చాడు. ఓబ్ లేకపోతే ఇది ఫైలులోనే ఉండిపోయేది. ఇంగ్లండుకి పోటీగా ఒక్కో యుద్ధనౌకకు కోట్లు పోస్తూ కూర్చోవడం దండగ, చవకైన చిన్న పడవలు, టార్పెడోలు చేతిలో ఉంటే వాళ్ల పెద్ద నౌకలు మన తీరం దగ్గరికి రావడానికే జంకుతాయి అని ఆయన వాదన. అలా ఆలోచించేవాళ్లను అక్కడ 'కుర్ర బడి' అనేవారు.

మోటారు చేసింది ఆర్తూర్ క్రెబ్స్ అనే సైనిక కెప్టెన్. 1884 ఆగస్టు 9న పారిస్ దగ్గర మ్యూదోన్‌లో 'లా ఫ్రాన్స్' అనే ఎయిర్‌షిప్ బయల్దేరిన చోటికే తిరిగొచ్చింది, సుమారు 8 కిలోమీటర్లు, 23 నిమిషాలు. ఎయిర్‌షిప్ అలా సొంత శక్తితో వెళ్లి వెనక్కి రావడం అదే మొదలు, దాన్ని నడిపిన ఇద్దరిలో ఒకడు క్రెబ్స్, రెండోవాడు శార్ల్ రెనార్. ఆ ఎయిర్‌షిప్‌కీ బ్యాటరీయే, ఎలక్ట్రిక్ మోటారే. ఇది నాకు భలే నచ్చే సంగతి. గాలిలో తేలేదానికీ నీళ్లలో తేలేదానికీ లెక్క ఒకటే కదా, చుట్టూ ఉన్నదానితో బరువు సరిపోవాలి, ముక్కు సన్నగా ఉండాలి, పైకీ కిందకీ మళ్లించాలి, పొగ గొట్టం ఉండకూడదు. జిమ్నోట్ ఫొటో చూడండి, అచ్చం ఇనుప ఎయిర్‌షిప్‌లానే ఉంటుంది, రెండు కొసలా కోసుగా, చుట్ట ఆకారంలో. జిమ్నోట్ అంటే కరెంటు షాక్ కొట్టే ఈల్ చేప. పేరు పెట్టినవాడికి దండం పెట్టొచ్చు.

తులోన్ రేవులోని ముర్రియోన్ యార్డులో రొమాజొత్తి అనే ఇంజనీరు దగ్గరుండి కట్టించాడు, 1888 సెప్టెంబరు 24న నీళ్లలోకి దించారు. పొడవు 17.8 మీటర్లు, అంటే మన ఆర్టీసీ బస్సు ఒకటిన్నర. అడ్డంగా అత్యంత వెడల్పున్న చోట 1.8 మీటర్లు. ఒక్క క్షణం ఆగి దీన్ని ఊహించండి. 1.8 మీటర్ల గుండ్రటి గొట్టం, అందులో కింది సగం దాకా సెల్లులు పేర్చి ఉన్నాయి, వాటి మీద నడవడానికి పలక, ఇక మనిషికి మిగిలిందేంటి? ఐదుగురూ వంగి, కూర్చుని, పక్కవాడి మోకాలు తగులుతూ పనిచేయాల్సిందే. మా సబ్‌మెరైన్ ఇరుకని మేం తెగ సణుక్కునేవాళ్లం, ఈ కొలత చదివాక నేనైతే సణగడం మానేశాను.

మోటారు 55 హార్స్‌పవర్, సుమారు 41 కిలోవాట్లు. మీ ఇంటి ముందు నిలబెట్టిన చిన్న కారు ఇంజను బలం అన్నమాట, కానీ అది లాగాల్సింది 30 టన్నుల్ని. నీటి పైన 7.3 నాట్లు, అంటే గంటకు 13 కిలోమీటర్ల పైచిలుకు, మామూలు సైకిలు వేగం. మునిగాక 4.27 నాట్లు, గంటకు 8 కిలోమీటర్లకు కాస్త తక్కువ, బస్సు అందుకోవాలని గబగబా పోయే మనిషి వేగం. నవ్వొస్తుందని తెలుసు. కానీ అంతకు పాతికేళ్ల ముందు ఇదే ఫ్రాన్స్ 'ప్లోంజర్' అనే 42 మీటర్ల పడవను కంప్రెస్ చేసిన గాలితో నడపబోతే అది నీళ్ల కింద తిన్నగా నిలబడనే లేదు, దాని ముందు ఇది ఎంతో మేలు.

ఇప్పుడు బ్యాటరీ. ఇది నా సబ్జెక్టు కాబట్టి కాస్త ఎక్కువసేపు నిలబడతాను, విసుగేస్తే తర్వాతి పేరాకి దూకేయండి. మొదట పెట్టినవి లెడ్ యాసిడ్ సెల్లులు కావు. పొటాష్ ద్రావణంలో జింకు, రాగి ఆక్సైడు ఉండే క్షార సెల్లులు, మొత్తం 564. మొత్తం పడవ బరువులో ఇంచుమించు మూడోవంతు ఈ సెల్లులదే. ఆ రోజుల్లో లెడ్ సెల్లు బరువెక్కువ, అందుకని క్షార సెల్లు వైపు మొగ్గారు, తప్పు పట్టలేం. కానీ ఒక్కో సెల్లు నుంచి వచ్చేది ఒక్క వోల్టు కూడా నిండదు, అందుకే అన్ని వందల సెల్లులు. వందల సెల్లులంటే వాటి మధ్య వందల జాయింట్లు, ఒక్కటి వదులైనా అక్కడ వేడి పుడుతుంది, తడి చేరితే లీకేజీ మొదలవుతుంది. బ్యాటరీ మనిషికి రాత్రిళ్లు టెన్షన్ పెట్టేది సెల్లు కాదు, జాయింటు. 1891లో వాటన్నిటినీ పీకేసి 204 లెడ్ యాసిడ్ సెల్లులు పెట్టారు. నూట ముప్ఫై ఏళ్లు దాటినా ఇవాళ్టికీ చాలా డీజిల్ సబ్‌మెరైన్లలో అదే లెడ్, అదే యాసిడ్, గుర్తుంచుకోండి.

వేగం ఎలా మార్చేవారని అడుగుతారేమో. ఇప్పటిలా ఎలక్ట్రానిక్ కంట్రోలర్ లేదు. ఆ కాలం పద్ధతి ఏంటంటే సెల్లుల్ని గుంపులు చేసి, గుంపుల్ని పారలల్‌లో కలిపితే తక్కువ వోల్టేజి, మెల్లగా, సిరీస్‌లో కలిపితే ఎక్కువ వోల్టేజి, వేగంగా. పెద్ద స్విచ్చు తిప్పడమే. ఇది మొరటు పద్ధతి అనుకోకండి, నేను పనిచేసిన రోజుల్లో కూడా బ్యాటరీ గ్రూపుల్ని సిరీస్, పారలల్ మార్చడం మా పనిలో భాగమే, ఆ స్విచ్చు పడ్డప్పుడు వచ్చే ఆ 'ధన్' శబ్దం ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఇక అసలు లెక్క. నీటి పైన 5 నాట్లతో పోతే 65 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 120 కిలోమీటర్లు, 13 గంటలు. మునిగి 4.27 నాట్లతో పోతే 25 మైళ్లు, ఆరు గంటలకు కొంచెం తక్కువ. చదవడానికి బాగానే ఉంది. కానీ ఆ 65 మైళ్లలో సగం వెళ్లడానికి, సగం రావడానికి. దారిలో చార్జింగ్ లేదు. పడవలో ఇంజను లేదు, డైనమో లేదు, ఒడ్డున జనరేటర్ ఉన్న రేవుకి రావాల్సిందే, వైరు తగిలించుకుని గంటల తరబడి పడి ఉండాల్సిందే. గట్టుకు కట్టేసిన మేక తాడు పొడవున్నంత మేరే మేస్తుంది కదా, జిమ్నోట్ కథ అంతే, తాడు పొడవు ముప్ఫై మైళ్లు. అందుకే దాన్ని రేవు కాపలాకు తప్ప ఇంకో పనికి ఊహించడం కష్టం. ఎలక్ట్రిక్ స్కూటర్ కొని ఊరవతల పెట్రోలు బంకుల్ని ఆశగా చూసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

రెండో పేచీ, లోతు. ఇది చాలామందికి అర్థం కాదు, పుస్తకాల్లో కూడా ఒక్క లైనులో దాటేస్తారు. చెరువులో ఒక దుంగ తేలుతోందనుకోండి, దాని ఒక కొసని కిందకి నొక్కి వదిలితే వెంటనే లేచి సర్దుకుంటుంది. ఎందుకంటే నొక్కిన వైపు ఇంకొంత దుంగ నీళ్లలోకి దిగి అక్కడ పైకి తోసే బలం పెరుగుతుంది, రెండో కొస దగ్గర తగ్గుతుంది. నీటి పైన ఏ పడవకైనా ఈ కాపుదల ఉంటుంది, పొడవు ఎంత ఎక్కువైతే ముందూ వెనకా అంత స్థిరం. అదే దుంగని పూర్తిగా ముంచేస్తే ఈ బలం మాయం. ఇక పొడవు మీకు సాయం చేయదు సరికదా శత్రువవుతుంది. మిగిలేదల్లా బరువు కేంద్రం కాస్త కింద, నీళ్లు పైకి తోసే బలం కేంద్రం కాస్త పైన ఉండటం వల్ల వచ్చే చిన్న బలం, అది కూడా కొన్ని సెంటీమీటర్ల తేడా. ఒక మనిషి ముందు నుంచి వెనక్కి నడిచినా పడవ ముక్కు లేస్తుంది. సగం నిండిన ట్యాంకులో నీళ్లు ఒక వైపుకి పారితే ఆ వైపే ఇంకా వంగుతుంది, వంగేకొద్దీ ఇంకా పారతాయి.

జిమ్నోట్‌కి మొదట తోక దగ్గర మాత్రమే ప్లేన్లు పెట్టారు, చేప తోక రెక్కల్లాంటివి. కిందకి దిగాలంటే పడవ మొత్తాన్ని ముక్కు కిందకి వంచాలి. పొట్టి పడవ కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చారు, తర్వాత వేరే చోట్ల కూడా ప్లేన్లు బిగించి చూశారు. ఒంటిని వంచకుండా అలాగే సమంగా కిందకి దిగాలంటే ప్లేన్లు ముందూ వెనకా రెండుచోట్లా ఉండాలని ఇప్పుడు మనకు తెలుసు. అది ఎవరో కాగితం మీద లెక్కేసి చెప్పింది కాదు, ఇలాంటి వందల డైవ్‌లలో చెమటలు పట్టాక తేలింది.

ఇది ఎంత గట్టి పేచీయో జిమ్నోట్ చెల్లెలిని చూస్తే తెలుస్తుంది. జిమ్నోట్ బాగుందన్న ఉత్సాహంలో వాళ్లు ఏకంగా 48.5 మీటర్ల పడవ కట్టారు, బరువులో ఇంచుమించు తొమ్మిదింతలు. ముందు 'సిరెన్' అన్నారు, 1891లో జెదె చనిపోవడంతో ఆయన పేరే పెట్టి 'గుస్తావ్ జెదె' చేశారు, 1893లో నీళ్లలోకి దించారు. ఒక్క గెంతులో తొమ్మిదింతలు, నన్నడిగితే ఇది దూకుడే. 48.5 మీటర్ల పడవ 10 డిగ్రీలు వంగితే ముక్కు తోక కంటే 8 మీటర్లకు పైగా కిందుంటుంది. ఆ వంపులో ఆరున్నర నాట్లతో పోతూ ఇరవై సెకన్లు ఏమరితే 11 మీటర్లు అదనంగా దిగిపోతారు. ఇరవై సెకన్లంటే గేజి చూసి, అరిచి, చక్రం తిప్పి, పడవ ఆ మాట వినేలోపే అయిపోతాయి. అది డాల్ఫిన్‌లా పైకీ కిందకీ ఊగుతూ పోయేది, ఒక్కోసారి అడుగు నేలకే తగిలేది. ప్లేన్లు మూడు జతలకు పెంచాక గానీ దారికి రాలేదు.

దాని బ్యాటరీ కథ ఇంకో తలనొప్పి. 720 సెల్లులు కుక్కారు. లోపల షార్టులు, మంటలు, చివరికి సగం సెల్లులు తీసేయాల్సి వచ్చింది, వేగం అనుకున్నదానికి ఎంతో కింద ఆగిపోయింది. లెడ్ సెల్లు చార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, గాలిలో అది 4 శాతం చేరితే చిన్న నిప్పురవ్వ చాలు. మా రోజుల్లో ఫ్యాన్లు, మీటర్లు, తొడుగులున్న స్పానర్లు అన్నీ ఉండి కూడా బ్యాటరీ గదిలోకి దిగే ముందు జేబుల్లో నాణేలు, చేతి ఉంగరం తీసి పైన పెట్టి వెళ్లేవాళ్లం. సముద్రపు నీళ్లు యాసిడ్‌లో పడితే క్లోరిన్ పుడుతుంది, అది ఇంకో దయ్యం. వాళ్లకి ఇవన్నీ ఒక్కొక్కటిగా, దెబ్బ తగిలాక తెలిశాయి.

అయినా గుస్తావ్ జెదె చేసిన పని తక్కువేం కాదు. 1898 డిసెంబరులో 'మజెంతా' అనే యుద్ధనౌక మీద ఉత్తుత్తి టార్పెడోతో గురి కొట్టింది, 1901 విన్యాసాల్లో కార్సికా దీవిలోని అజాక్సియో దగ్గర 'శార్ల్ మార్తెల్' మీద అదే పని చేసింది. 1898లోనే ఆఫ్రికాలో ఫషోదా దగ్గర ఫ్రాన్స్, ఇంగ్లండు దాదాపు కొట్టుకునేదాకా వెళ్లాయి, కాబట్టి ఈ వార్త ఫ్రాన్స్‌లో ఎలా పాకి ఉంటుందో ఊహించుకోండి. జనం చందాలు వేసుకుని సబ్‌మెరైన్ కట్టించేదాకా వెళ్లింది వ్యవహారం. సబ్‌మెరైన్ల వైపు చూడని ఇంగ్లండు కూడా చివరికి 1900లో, జాన్ హాలండ్ అనే ఆయన డిజైన్ చేసిన ఐదు 'హాలండ్' సబ్‌మెరైన్లకు ఆర్డరిచ్చింది.

కింద నుంచి ఎలా చూసేవారన్నది మీరు అడగలేదు గానీ అడగాల్సిన ప్రశ్న. జిమ్నోట్ మీద పెరిస్కోప్ పెట్టి చూశారు, అలా వాడిన తొలి సబ్‌మెరైన్లలో అదొకటి, కానీ అప్పటి అద్దాల్లో కనబడేది మసక బొమ్మ. అందుకే చూడటానికి పైకి తేలడం, మళ్లీ మునగడం. దిక్సూచి ఇంకా ఘోరం, చుట్టూ ఉక్కు, పక్కనే వందల ఆంపియర్ల కరెంటు, మోటారు వేగం మారినప్పుడల్లా ముల్లు ఇటూ అటూ పోతుంది. క్రెబ్స్ దీనికి కరెంటుతో తిరిగే గైరోస్కోప్ పెట్టించాడు, తిరుగుతున్న బొంగరం తన దిక్కు వదలదు కదా, దాన్ని చూసుకుంటూ తిన్నగా పోవచ్చు. ఇవాళ్టి జైరో కంపాస్‌లా అది ఉత్తరాన్ని దానంతటది వెతుక్కోదు, పట్టించిన దిక్కుని కాసేపు పట్టుకుని ఉంటుందంతే. అయినా 1880లలో అది ఎంత ముందుచూపో! గుస్తావ్ జెదెకి ఉక్కు బదులు కంచు వాడారు, తుప్పు పట్టదు, దిక్సూచిని తికమక పెట్టదు.

'ప్రపంచంలో మొదటి ఎలక్ట్రిక్ సబ్‌మెరైన్' అన్న బిరుదు గురించి కొట్టుకునేవాళ్లకి ఒక మాట. స్పెయిన్‌లో ఇసాక్ పెరాల్ అనే నేవీ ఆఫీసరు కట్టిన పడవ 1888 సెప్టెంబరు 8న నీళ్లలోకి దిగింది, జిమ్నోట్ కంటే 16 రోజులు ముందు. దానికి రెండు మోటార్లు, ముక్కులో టార్పెడో ట్యూబు కూడా ఉంది. ఆయుధంగా చూస్తే పెరాల్ పడవే ముందు నడిచింది, జిమ్నోట్ మొదట్లో ప్రయోగాల పడవే. కానీ స్పెయిన్ పెద్దలు రెండేళ్లకే దాన్ని మూలన పడేశారు, ఫ్రాన్స్ మాత్రం వదలకుండా ఒకదాని తర్వాత ఒకటి కట్టుకుంటూ పోయింది. పెరాల్ పడవ ఇప్పుడు కార్తహేనా మ్యూజియంలో ఉంది, చూడొచ్చు.

మరి ఇంజను ఎలా వచ్చింది? 1896లో ఫ్రెంచి నౌకాదళం ఒక పోటీ పెట్టింది: 200 టన్నులకు మించని పడవ కావాలి, నీటి పైన 100 మైళ్లు, కింద 10 మైళ్లు పోవాలి. షరతుల్లోనే సంగతి ఉంది చూడండి, కింద కొంచెం చాలు, పైన దూరం కావాలి. మక్సీమ్ లోబఫ్ అనే ఇంజనీరు 'నార్వాల్' డిజైన్‌తో గెలిచాడు, 1899లో శెర్బూర్‌లో దించారు. పైన ఆవిరి ఇంజను, కింద బ్యాటరీ మోటారు, పైన పోతున్నప్పుడు ఇంజనే డైనమోని తిప్పి బ్యాటరీ నింపుతుంది. మేక తాడు తెగింది. కానీ బాయిలర్ ఆర్పి, పొగ గొట్టం మూసి, లోపలి వేడి తగ్గించుకుని మునగడానికి ఇరవై నిమిషాల దాకా పట్టేది. శత్రువు ఇరవై నిమిషాలు ఆగుతాడా? తర్వాత డీజిల్ వచ్చాక ఆ ఇబ్బందీ పోయింది. కాబట్టి 'ఎలక్ట్రిక్ వదిలేసి ఇంజన్లవైపు పోయారు' అన్న మీ మాట సగమే నిజం. నీళ్ల కింద మోటారు ఎక్కడికీ పోలేదు. ఇంజను వచ్చి దాని పక్కన చార్జరుగా కూర్చుంది. నేను పనిచేసిన డీజిల్ సబ్‌మెరైన్లలో కూడా మునిగాక నడిపేది మోటారే.

నార్వాల్ తర్వాత కూడా ఫ్రాన్స్ ఒట్టి ఎలక్ట్రిక్ పడవలు కొన్ని కట్టింది, రేవు కాపలాకి చవక కాబట్టి. వాటిలో 'ఫార్ఫాదె' 1905 జులైలో ట్యునీషియాలోని బిజెర్త్ దగ్గర మునిగి 14 మంది పోయారు. మోటారు కాదు, బ్యాటరీ కాదు, కానింగ్ టవర్ (పడవ పైన ఉండే చిన్న బురుజు) మూత సరిగా పడలేదు. లోపలి నుంచి తడుతున్న చప్పుడు పైవాళ్లకి ఒక రోజుకు పైగా వినబడింది, తీయలేకపోయారు. నేను పనిచేసిన బోటు మీద డైవ్‌కి ముందు మూత మూశాక ఒకరు చూసి, రెండోవాడు చేత్తో తడిమి మళ్లీ చూసేవాడు. కొత్తగా చేరినవాడికి అది చాదస్తంలా అనిపించేది, నాకూ అనిపించింది, ఈ ఫార్ఫాదె సంగతి మా సీనియర్ ఒకాయన చెప్పేదాకా.

విశాఖ వస్తే ఆర్కే బీచ్‌లో కురుసురా మ్యూజియం ఎక్కి చూడండి. 91 మీటర్ల డీజిల్ సబ్‌మెరైన్ అది, గైడు టార్పెడోల దగ్గర ఎక్కువసేపు నిలబెడతాడు, మీరు మాత్రం మోటార్ల కంపార్ట్‌మెంట్ దగ్గర ఆగండి. కాళ్ల కింద పలకల కింద బ్యాటరీలు ఎక్కడ ఉండేవో అడగండి. అక్కడ నిలబడి 1.8 మీటర్లు అంటే ఎంతో చేతులు చాచి కొలుచుకోండి.

జిమ్నోట్ చివరికి ఏమైందంటారా? 2,000 డైవ్‌లు చేసి ప్రతిసారీ పైకొచ్చిన పడవ, 1907లో తులోన్‌లో, నీళ్లు తోడేసి పడవల్ని బాగుచేసే డ్రై డాక్‌లో ఉండగా నీళ్లు నిండి మునిగింది. రిపేరుకి పెట్టే ఖర్చు దండగన్నారు, 1908లో జాబితాలోంచి పేరు కొట్టేశారు, తర్వాత పాత ఇనుము కింద అమ్మేశారు.